ఆ నోట్‌బుక్ ఎవరిది? ఒక బడ్జెట్ స్కూల్లో మూడేళ్ల టీచర్ కోచింగ్

"సార్, ఎన్నో క్లాసు నుంచి మొదలుపెడదాం? సిక్స్త్ నుంచా, ఎయిత్ నుంచా?"

2022 జూన్‌లో, స్టాఫ్ రూంలో నేను 'కోచింగ్' అన్న రెండో నిమిషంలోనే లెక్కల సార్ ఈ ప్రశ్న అడిగారు. ఆయన తప్పేం లేదు. హైదరాబాద్‌లో కోచింగ్ అంటే అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్, దిల్‌సుఖ్‌నగర్‌లో గ్రూప్స్, గల్లీ బడిలో ఐఐటీ ఫౌండేషన్. ఆ బడి గేటుకు కట్టిన ఫ్లెక్సీ మీద కూడా అదే ఉంది. కోచింగ్ పిల్లలకు కాదు, టీచర్లకు అని నేను చెప్పగానే గదిలో మాటలు ఆగిపోయాయి. కాసేపటికి వెనక నుంచి ఎవరో మెల్లగా అన్నారు: "అంటే మళ్లీ మా క్లాసులల్ల వచ్చి కూర్చుంటరా?"

ఆ 'మళ్లీ' అన్న మాటను నేను సరిగా పట్టించుకోలేదు. పట్టించుకుని ఉంటే మొదటి నాలుగు నెలలు వృథా అయ్యేవి కావు.

బడి సంగతి

రామంతాపూర్, ఉప్పల్ మధ్య ఒక లోపలి వీధిలో మూడంతస్తుల బిల్డింగ్. నర్సరీ నుంచి పదో తరగతి దాకా, స్టేట్ సిలబస్, ఇంగ్లిష్ మీడియం. 31 మంది టీచర్లు, వాళ్లలో 25 మంది ఆడవాళ్లు. తల్లిదండ్రుల్లో ఆటో నడిపేవాళ్లు, టైలర్లు, కిరాణా కొట్ల వాళ్లు, చిన్న కంపెనీల్లో ఉద్యోగాలు చేసేవాళ్లు. ఇళ్లలో తెలుగు, ఉర్దూ, కొన్నిచోట్ల హిందీ. బ్యాగులో ఇంగ్లిష్ పుస్తకం. కరస్పాండెంట్ గారిది రెండో తరం, బడి పెట్టింది వాళ్ల నాన్నగారు. పేరు చెప్పొద్దని వాళ్లెవరూ అడగలేదు కానీ, ఇక్కడ రాయబోయేవాటిలో కొన్ని బయట చెప్పుకునేవి కావు కాబట్టి చెప్పను.

నన్ను పిలవడానికి ఆయనకు ఒకటే కారణం. ఏటా మార్చి, ఏప్రిల్ వచ్చేసరికి ఎనిమిది తొమ్మిది మంది మానేస్తున్నారు. జూన్‌లో కొత్తవాళ్లతో డెమో క్లాసులు, రెండు రోజుల ట్రైనింగ్, సమోసా, చాయ్, సర్టిఫికెట్. మళ్లీ మార్చి. "ట్రైనింగ్‌లనే ఏదో లోపం ఉన్నది సార్. జర స్ట్రాంగ్‌గా చేయండి" అన్నారు.

నేను పదేళ్లు లెక్కలు చెప్పాను. ఆ తర్వాత ఇంకో పదేళ్లు సరిగ్గా ఇలాంటి రెండు రోజుల ట్రైనింగులే ఇచ్చాను, కాబట్టి వాటి బలం ఎంతో నాకు తెలుసు. బ్రూస్ జాయిస్, బెవర్లీ షవర్స్ అనే అమెరికన్ పరిశోధకులు 1980లలోనే ఈ సంగతి బయటపెట్టారు. కొత్త పద్ధతిని వివరించి, చేసి చూపించి, అక్కడికక్కడే ప్రాక్టీసు చేయించినా, టీచర్ తన క్లాసుకు వెళ్లాక దాన్ని వాడటం చాలా తక్కువ. కొన్నాళ్లు పక్కన ఒకరు తోడుంటేనే అది క్లాసు దాకా వెళుతుంది. 2020 జాతీయ విద్యా విధానం టీచర్లకు ఏడాదికి కనీసం 50 గంటల వృత్తిపరమైన శిక్షణ ఉండాలని చెప్పింది. జూన్‌లో రెండు రోజులను ఎంత సాగదీసినా 12 గంటలు దాటవు. అదే విధానం ప్రిన్సిపాళ్లకు కూడా 50 గంటలు అంది. ఆ వాక్యాన్ని ఏ బడిలోనూ ఎవరూ గుర్తుచేయరు.

మొదటి రెండు వారాలు నేనేమీ చెప్పకుండా తిరిగాను. ఆ తిరుగుడులోనే రిమార్క్స్ రిజిస్టర్ చూశాను. ప్రిన్సిపాల్ మేడం రౌండ్స్‌కు వెళ్లినప్పుడు వెంట ఒకటి ఉంటుంది: ఎర్ర అట్ట, లోపల గళ్లు, తేదీ, క్లాసు, టీచర్ పేరు, రిమార్కు, సంతకం. రిమార్కులన్నీ దాదాపు ఒకటే. 'బోర్డు నీట్‌గా లేదు.' 'క్లాస్ కంట్రోల్ తక్కువ.' 'సిలబస్ వెనకబడింది.' కింద టీచర్ సంతకం, చాలాచోట్ల కాగితం చిరిగేంత గట్టిగా. పదకొండేళ్లుగా అక్కడే ఉన్న తెలుగు మేడంను, ఇన్నేళ్లలో మీకు బాగా ఉపయోగపడిన రిమార్కు ఒకటి చెప్పండి అని అడిగాను. నవ్వారు. "ఎర్ర ఇంకు తప్ప ఏం గుర్తులేదు సార్."

దీనికి తోడు ప్రతి క్లాసులో సీసీ కెమెరా, కరస్పాండెంట్ గారి టేబుల్ మీద మానిటర్. ఆయన చెడ్డ మనిషి కాదు. జీతం ఒకటో తారీఖునే ఇస్తారు, టీచర్ ఇంట్లో ఎవరికైనా బాగోలేకపోతే కారు పంపిస్తారు. కానీ చాయ్ తాగుతూ మానిటర్ చూసి "సెవెన్త్ బీలో మేడం కూర్చున్నరు, లేవమను" అని అటెండర్‌ను పంపడం అలవాటు.

నేను చేసిన తప్పు

జులైలో నలుగురు సీనియర్లను కోచ్‌లుగా ఎంచుకున్నాం. నేను ఒక ఫారం తయారుచేశాను. 18 గళ్లు. ఇప్పుడు దాన్ని చూస్తే నాకే నవ్వొస్తుంది: పాఠం లక్ష్యం, బోర్డు వాడకం, ప్రశ్నల స్థాయి, పిల్లల భాగస్వామ్యం, ఇలా ఒకదాని కింద ఒకటి. ఎర్ర అట్ట రిజిస్టర్‌ను తీసేసి దానికే తెల్ల అట్ట వేసినట్టు. తేడా ఏమిటంటే ఇది కోచింగ్ అని, దీనివల్ల ఎవరికీ ఏ ఇబ్బందీ ఉండదని నేను అందరి ముందూ మాటిచ్చాను.

కొత్తగా చేరిన ఇంగ్లిష్ మేడం క్లాసును నేనే చూశాను. మంచి టీచర్. ఆమె ఫారంలో 'ఇరవై నిమిషాలు టీచరే మాట్లాడారు, పిల్లలు ఒక్క వాక్యం కూడా సొంతంగా చెప్పలేదు' అని రాశాను. నిజమే రాశాను. ఆమెతో మాట్లాడాను, ఆమె కూడా ఒప్పుకుని వచ్చేవారం జంటల్లో మాట్లాడిస్తానన్నారు. చేశారు కూడా.

సెప్టెంబరులో కరస్పాండెంట్ గారు "ఎట్ల నడుస్తున్నది సార్?" అని అడిగితే పని జరుగుతోందని చూపించాలన్న తాపత్రయంలో ఫైలు మొత్తం ఆయన చేతికిచ్చాను. పది నిమిషాలు తిరగేసి తిరిగిచ్చేశారు. అదే వారం ఇంగ్లిష్ మేడం జీతం కొంచెం పెంచమని అడగడానికి వెళ్లారు. ఆయన ఏమన్నారో ఆమే నాకు మెట్ల మీద చెప్పారు. "'ఇరవై నిమిషాలు మీరే మాట్లాడుతరట కదా మేడం' అన్నరు సార్." ఒక్క క్షణం ఆగి, "మీరు రాసింది నాకోసం అనుకున్న" అన్నారు. గొంతు పెంచలేదు. పిల్లలు పైకీ కిందికీ పరిగెడుతున్నారు, ఆమె రెయిలింగ్ పట్టుకుని పక్కకు జరిగి దారిచ్చారు. నా దగ్గర జవాబు లేదు.

ఆ మర్నాటి నుంచి ఏ క్లాసుకు వెళ్లినా స్లిప్ టెస్టే. "ఈరోజు స్లిప్ టెస్ట్ ఉంది సార్, రేపు రండి." రేపు ఇంకో స్లిప్ టెస్ట్. దసరా సెలవుల దాకా ఆ బడిలో పిల్లలు రాసినన్ని స్లిప్ టెస్టులు నగరంలో ఏ బడి పిల్లలూ రాసి ఉండరు.

ఆమె ఆ మార్చిలో మానేశారు. మానేసిన కారణం ఇదొక్కటే అని నేననుకోను, ఇల్లు మారారు కూడా. కానీ ఆ లెక్కలోంచి నన్ను నేను తీసేసుకోలేను.

ప్రిన్సిపాల్ క్లాసు

దసరా సెలవుల్లో ప్రిన్సిపాల్ మేడంతో కూర్చున్నాను. ఆవిడ పద్నాలుగేళ్లు సైన్స్ చెప్పి ఆ సీటుకు వచ్చిన మనిషి, సీటుకు వచ్చాక ఒక్క క్లాసూ తీసుకోలేదు. ఫీజులు, టీసీలు, బస్సులు, పీటీఎంలు, రౌండ్స్. నేను అడిగింది ఒకటే: వారానికి ఒక పీరియడ్ మీరు చెప్పాలి, దాన్ని వేరే టీచర్ వచ్చి చూడాలి.

"నేను తడబడితే?" అన్నారు.

"తడబడితేనే మంచిది మేడం."

ఆ మాట ఆవిడకు నచ్చలేదు. రెండు రోజులు ఫోన్ ఎత్తలేదు. మూడో రోజు తనే చేసి, ఎయిత్ బీకి ఫిజిక్స్, ఘర్షణ పాఠం, గురువారం మూడో పీరియడ్ అన్నారు. చూడటానికి ఎవరు రావాలో కూడా ఆవిడే చెప్పారు: అందరికన్నా చిన్న టీచర్, సోషల్ చెప్పే అమ్మాయి. ఆ ఎంపిక మాత్రం పూర్తిగా ఆవిడదే. నేనైతే ధైర్యం చేసేవాణ్ని కాదు.

ఈసారి 18 గళ్ల ఫారం లేదు. ఒక్క పనే: ప్రశ్న అడిగాక మేడం ఎన్ని సెకన్లు ఆగుతున్నారో రాయడం. మేరీ బడ్ రో అనే సైన్స్ విద్యావేత్త 1970లలో క్లాసుల టేపులు విని చెప్పిన సంగతి ఇది. మామూలుగా టీచర్ ప్రశ్న అడిగాక ఒక సెకను కూడా ఆగరు. మూడు సెకన్లు ఆగితే చాలు, జవాబులు పొడవవుతాయి, ఎప్పుడూ మాట్లాడని పిల్లలు నోరు విప్పుతారు. ఖర్చు లేదు, సామాను అక్కర్లేదు, కొలవడం సులువు, పైగా ఎవరినీ తప్పుపట్టినట్టు ఉండదు. మొదటి పని అలాంటిదే కావాలి.

క్లాసు అయ్యాక స్టాఫ్ రూంలో ముగ్గురం. సోషల్ మేడం చేతిలో ఒక పొడవాటి నోట్‌బుక్, వేళ్లు వణుకుతున్నాయి.

"ఎన్ని ప్రశ్నలు అడిగిన?" అన్నారు ప్రిన్సిపాల్ మేడం.

"పదకొండు, మేడం."

"ఎన్ని సెకన్లు ఆగిన?"

"ఒకటి... ఒకటిన్నర, మేడం. రెండు ప్రశ్నలకు మీరే జవాబు చెప్పిన్రు." నోట్‌బుక్‌లోంచి తల ఎత్తకుండానే ఇంకో ముక్క అన్నది: "ఏడు జవాబులు మొదటి బెంచీల ముగ్గురు పిల్లలే చెప్పిన్రు."

ప్రిన్సిపాల్ మేడం కాసేపు మాట్లాడలేదు. ఇరవై ఏళ్ల సర్వీసులో ఆవిడ క్లాసు గురించి ఆవిడకు ఎవరైనా ఇలా చెప్పడం అదే మొదటిసారి అయి ఉండాలి. తర్వాత, "మరి నన్నేం చేయమంటవు?" అని అడిగారు. అది పైఅధికారి వేసే పరీక్ష ప్రశ్నలా లేదు. ఆ అమ్మాయికీ అలాగే వినిపించినట్టుంది. ఆలోచించి, "మనసులో ఒకటి, రెండు, మూడు అనుకోండి మేడం, నేను చిన్నపిల్లల క్లాసుల అట్లనే చేస్త" అంది.

తర్వాతి గురువారం నేనూ వెనక కూర్చున్నాను. రోడ్డు తడిస్తే బండి ఎందుకు జారుతుంది అని మేడం అడిగారు. ముందు బెంచీ చేతులు లేచాయి. మేడం ఎవరినీ పిలవలేదు. కిటికీ బయట ఆటో హారన్, పై ఫ్లోర్‌లో ఎక్కాలు చదువుతున్న చప్పుడు. నాలుగు సెకన్లు క్లాసులో ఎంత పొడుగ్గా ఉంటాయో వెనక కూర్చుని వింటే తెలుస్తుంది. మూడో బెంచీ అమ్మాయి లేవకుండానే అంది: "నీళ్లు మధ్యల వస్తయి కదా మేడం. టైరుకు రోడ్డు అందదు." ఆ పిల్ల జూన్ నుంచి ఆ క్లాసులో సొంతంగా మాట్లాడటం అదే మొదటిసారి అని క్లాస్ టీచర్ తర్వాత చెప్పారు.

ఈ సంగతి చెప్పమని మేము ఎవరికీ చెప్పలేదు. లంచ్ అయ్యేసరికి స్టాఫ్ రూం మొత్తానికి తెలిసిపోయింది. పిల్ల చెప్పిన జవాబు గురించి కాదు వాళ్లు మాట్లాడుకున్నది, 'చిన్న మేడం పెద్ద మేడంకు ఒకటిన్నర సెకన్లు అని చెప్పింది' అన్న వార్త గురించి. నవంబరు మొదటి వారంలో ఇద్దరు టీచర్లు వాళ్లంతట వాళ్లే నా దగ్గరికి వచ్చి, మా క్లాసు చూస్తారా అని అడిగారు. స్లిప్ టెస్టులు తగ్గాయి.

నోట్‌బుక్ నియమం

అప్పటికి నాకు అర్థమైన విషయం ఇది. కోచ్ ఎవరు, మోడల్ ఏది, ఫారంలో ఎన్ని గళ్లు అనేవి తర్వాతి సంగతులు. టీచర్ మొదట అడిగేది, పైకి అనకపోయినా, ఒకటే: ఈ రాసింది ఎక్కడికి పోతుంది? దానికి నాయకత్వం స్పష్టంగా జవాబు చెప్పనంత కాలం మిగతాదంతా వేషమే.

కాబట్టి ఫైళ్లు తీసేశాం. ప్రతి టీచర్‌కూ ఒక లాంగ్ నోట్‌బుక్ ఇచ్చాం. దేన్ని చూడాలో టీచరే చెబుతారు. కోచ్ పదిహేను నిమిషాలు కూర్చుని, చూసింది ఆ నోట్‌బుక్‌లోనే రాసి, టీచర్ టేబుల్ మీద పెట్టి వెళ్లాలి. ఫొటో తీయకూడదు, వాట్సాప్‌లో పెట్టకూడదు. అదే రోజో మర్నాడో ఇరవై నిమిషాలు మాట్లాడుకోవాలి. కరస్పాండెంట్ గారికి వెళ్లేది ఒక్క అంకె: ఈ వారం ఎన్ని జరిగాయి. జీతం పెంపు కోసం ప్రిన్సిపాల్ మేడం విడిగా క్లాసు చూస్తారు, ముందుగా తేదీ చెప్పి, వేరే కాగితం మీద. ఎర్ర అట్ట రిజిస్టర్ బీరువాలోకి వెళ్లింది.

ఇందులో కరస్పాండెంట్ గారిని ఒప్పించడం కష్టమనుకున్నాను. నిజానికి ఆయన అడిగింది ఒకటే: "మరి ఎవరు ఎట్ల చెప్తున్నరో నాకెట్ల తెలుస్తది?" న్యాయమైన ప్రశ్న. ప్రిన్సిపాల్ మేడం చేసే విడి పరిశీలన మీకు వస్తుంది, పీటీఎంలో తల్లిదండ్రులు చెప్పేది మీకు వస్తుంది, పిల్లల నోట్‌బుక్‌లు మీరు ఎప్పుడైనా చూడొచ్చు అన్నాను. కెమెరాలు భద్రత కోసం ఉంటాయి కానీ వాటిని చూసి క్లాసుకు కబురు పంపడం మాత్రం ఆపాలన్నాను. సరే అన్నారు. జనవరిలో ఒకసారి అటెండర్ వచ్చి ఫోర్త్ ఏ మేడంను లేవమన్నాడు. ప్రిన్సిపాల్ మేడం నేరుగా ఆయన గదికి వెళ్లి తలుపు వేసుకున్నారు. లోపల ఏం జరిగిందో నాకు తెలియదు. తర్వాత మానిటర్ ఆఫీసు రూంకు మారింది.

టైమ్‌టేబుల్

కోచింగ్ గురించి రాసేవాళ్లు నమ్మకం, సంస్కృతి, విజన్ అని చాలా రాస్తారు. బడ్జెట్ స్కూల్లో అది చచ్చిపోయేది అరేంజ్‌మెంట్ పీరియడ్ దగ్గర. ఎవరో ఒకరు సెలవు పెడతారు, కోచ్‌కు ఉన్న ఒక్క లీజర్, అంటే ఖాళీ పీరియడ్, కాస్తా ఆ క్లాసుకు పోతుంది. నాలుగు వారాలు అలా జరిగితే కోచింగ్ అనే మాటే ఎవరూ ఎత్తరు.

లెక్క ఇలా వేశాం. వారానికి 48 పీరియడ్లు. ఒక్కో టీచర్ 40 దాకా చెబుతున్నారు. 31 మందిని మూడు వారాలకు ఒకసారి చూడాలంటే వారానికి పది మంది. నలుగురు కోచ్‌లు కాబట్టి తలా రెండు మూడు. దానికి ఒక్కో కోచ్ పని 40 నుంచి 36 పీరియడ్లకు తగ్గించాలి. మొత్తం 16 పీరియడ్లు, అంటే ఒక టీచర్ పనిలో సగం కూడా కాదు. ఈ కాగితం చూపించాక కరస్పాండెంట్ గారు అన్న మాట "అంతేనా?" అప్పటిదాకా ఆయన ఇదేదో లక్షల వ్యవహారం అనుకున్నారు. ఉదయం పూట పనిచేసే ఒక పార్ట్ టైం టీచర్‌ను పెట్టారు. కోచ్‌ల ఆ నాలుగు పీరియడ్లు టైమ్‌టేబుల్‌లో అచ్చు వేయించాం, లెక్కలు, సైన్స్ అని ఉన్నట్టే 'కోచింగ్' అని. అచ్చులో ఉన్న పీరియడ్‌ను అరేంజ్‌మెంట్‌కు లాక్కోవడానికి వైస్ ప్రిన్సిపాల్‌కు కూడా కాస్త మొహమాటం ఉంటుంది.

మాటల దగ్గర

కోచ్‌లకు శిక్షణ అంటే మాట్లాడే పద్ధతే. ప్రపంచమంతా వాడే గ్రో మోడల్‌తో మొదలుపెట్టాం: ఏం కావాలి, ఇప్పుడెలా ఉంది, ఏమేం దారులున్నాయి, ఏం చేస్తావు. జాన్ విట్‌మోర్ అనే బ్రిటిష్ కోచ్ వల్ల ప్రచారంలోకి వచ్చిన పద్ధతి, మంచిదే. కానీ మన దగ్గర ఒక చిక్కుంది. సీనియర్ మేడం జూనియర్ టీచర్‌ను "నువ్వేం చేద్దామనుకుంటున్నవ్?" అని అడిగితే ఆ పిల్లకు అది వైవాలా వినిపిస్తుంది. "మీరే చెప్పండి అక్కా" అంటుంది. కోచ్ చెప్పకూడదు, అడగాలి అని పుస్తకం అంటుంది. అలా అడుగుతూ పోతే ఇద్దరూ నేల చూస్తూ కూర్చున్న సంభాషణలు నేను బోలెడు చూశాను. చివరికి పుస్తకాన్ని పక్కన పెట్టి, టీచర్ అడిగితే రెండు దారులు చెప్పమన్నాను. ఒకటి చెబితే అది ఆర్డర్. రెండు చెబితే ఎంచుకోవడానికి చోటుంటుంది.

పొగడ్త ఇంకో రోగం. పాజిటివ్‌గా రాయండి అనగానే మా కోచ్‌లు అందరికీ "మంచిగ చెప్పిన్రు మేడం" అని రాయడం మొదలుపెట్టారు. నొప్పి లేదు, లాభమూ లేదు. తెలుగు మేడం ఒక్కరే దీన్ని తొందరగా పట్టుకున్నారు. ఆవిడ థర్డ్ క్లాస్ లెక్కల టీచర్ నోట్‌బుక్‌లో రాసినది ఆ టీచరే నాకు చూపించారు: 'మీరు బోర్డు వైపు తిరిగినప్పుడు వెనక ఇద్దరు లెక్క అయిపోగొట్టుకుని కూర్చున్నరు. కిటికీ పక్క బాబు పక్కవాడిది చూసి రాసిండు, తర్వాత చెరిపి సొంతంగ చేసిండు.' అందులో మెచ్చుకోలు లేదు, తప్పు లేదు. "ఆ బాబు చెరిపి మళ్లీ చేసిండని నాకు తెల్వదు సార్" అన్నారు ఆ టీచర్. మర్నాడు వాణ్ని బోర్డు దగ్గరికి పిలిచారట. నా దృష్టిలో పాజిటివ్ అంటే ఇదే, టీచర్ చూడలేకపోయిన దాన్ని ఆమె కోసం చూసి పెట్టడం.

ఆగిపోయినవి

రెండో ఏడాది డిసెంబరు నుంచి పదో తరగతి చెప్పేవాళ్లకు కోచింగ్ ఆపేశాం. స్పెషల్ క్లాసులు, స్టడీ అవర్లు, ప్రీ ఫైనల్స్. ఆ టెన్షన్‌లో ఎవరి క్లాసులోనో కూర్చుంటామనడం అర్థం లేని పట్టుదల. చిన్న క్లాసుల్లో మాత్రం నడిపించాం. ఏడాదంతా ఒకే ఊపులో జరగాలన్న నా ప్లాన్ తప్పు. బడి క్యాలెండర్‌కు దాని లయ దానికుంది.

మొదటిరోజు సిక్స్త్ నుంచా అని అడిగిన లెక్కల సార్ మూడేళ్లలో ఒక్కసారి కూడా తలుపు తీయలేదు. "నా రిజల్ట్ చూడండి సార్" అంటారు. రిజల్ట్ నిజంగానే బాగుంటుంది. ఆయన్ను బలవంతం చేయమని ఇద్దరు కోచ్‌లు అడిగారు. ప్రిన్సిపాల్ మేడం వద్దన్నారు. ఆయన్ను ఒదిలేయడం వల్లే మిగతా 30 మందికి ఇది నిజంగా ఇష్టం మీద నడిచేదే అన్న నమ్మకం వచ్చిందని నాకనిపిస్తుంది. ప్రిన్సిపాల్ మేడం లెక్క అదే అయి ఉంటుందా అంటే, అడగలేదు.

రెండో బ్రాంచ్‌లో కూడా వెంటనే మొదలుపెడదాం అన్నారు కరస్పాండెంట్ గారు. అప్పుడు ఆయన ముందు పెట్టింది మాథ్యూ క్రాఫ్ట్, డేవిడ్ బ్లేజర్, డిలన్ హోగన్ అనే అమెరికన్ పరిశోధకులు 2018లో ప్రచురించిన విశ్లేషణ. 60 అధ్యయనాలను కలిపి చూస్తే, కోచింగ్ వల్ల బోధనలో వచ్చిన మార్పు 0.49 ప్రామాణిక విచలనం (మార్పు ఎంత పెద్దదో తూచే గణాంక కొలత), పిల్లల మార్కుల్లో 0.18. అంటే టీచర్ చాలా మారితే పిల్లల మార్కుల్లో కొంత కనిపిస్తుంది. వాటిలో ఎక్కువ భాగం అమెరికాలో చదవడం, రాయడం మీద జరిగిన కోచింగే, కాబట్టి ఆ అంకెలు మన బడికి అలాగే వర్తిస్తాయని నేను అనను. ఆయనకు చూపించింది ఇంకో వాక్యం: కార్యక్రమం పెద్దదయ్యేకొద్దీ ఫలితం పలచబడుతుంది. "అంటే చిక్కటి పాలల్ల నీళ్లు కలిపినట్టు" అన్నారాయన. రెండో బ్రాంచ్ ఆగింది.

రెండో ఏడాది మార్చిలో మానేసినవాళ్లు ముగ్గురు. దాన్ని నా ఖాతాలో వేసుకోవాలని ఉంటుంది కానీ అదే ఏడాది ఆయన జీతాలు పెంచారు, టీచర్ల పిల్లలకు ఫీజు సగం చేశారు. ఏది ఎంత పనిచేసిందో విడదీసి చెప్పలేను. మార్కుల గురించి అసలు చెప్పను. కోవిడ్ తర్వాత పిల్లలు ఎలాగూ కోలుకుంటున్న కాలం అది.

కొత్త ప్రిన్సిపాల్

2024 మేలో ప్రిన్సిపాల్ మేడం భర్తకు బెంగళూరు ట్రాన్స్‌ఫర్ అయింది. వీడ్కోలు రోజు ఎయిత్ క్లాస్ పిల్లలు ఏడ్చారు, టీచర్లు ఏడ్చారు, నాకు లోపల భయం పట్టుకుంది. ఇలాంటివి నేను చాలా చూశాను. ప్రిన్సిపాల్ మారితే ఆమె తెచ్చినవన్నీ ఆమెతోపాటే పోతాయి; కొత్తవారు వచ్చి బీరువాలోంచి ఎర్ర అట్ట బయటకు తీస్తారు.

కొత్త మేడం ఒక పెద్ద చైన్ స్కూల్ నుంచి వచ్చారు. చురుకైన మనిషి, పని తెలిసిన మనిషి. మొదటి వారంలోనే స్టాఫ్ మీటింగ్‌లో "అబ్జర్వేషన్ ఫైల్స్ ఎక్కడున్నాయి?" అని అడిగారు.

"ఫైల్స్ లేవు మేడం. నోట్‌బుక్స్ ఉన్నయి. అవి మావి" అన్నారు సోషల్ మేడం. ఒకప్పుడు వేళ్లు వణికిన అమ్మాయే. ఆ జూన్‌లోనే కోచ్ అయ్యింది.

"మీవి అంటే?"

గదిలో అందరూ టేబుల్ వైపు చూస్తున్నారు. నేనూ ఉన్నాను, నోరు తెరవబోయి ఆగాను. తెలుగు మేడం అందుకున్నారు, పెళ్లివారితో మాట్లాడినంత మర్యాదగా: "మా దగ్గర ఒక పద్ధతి ఉన్నది మేడం. కొత్తగ వచ్చినోళ్లు ముందు వాళ్ల క్లాసు చూపిస్తరు. తర్వాత మేము మాది చూపిస్తం."

కొత్త మేడం ఏమీ అనలేదు. మీటింగ్ అయ్యాక నన్ను పిలిచి, ఇది మీరు నేర్పిన మాటా అని అడిగారు. కాదన్నాను. నిజంగానే కాదు, అలాంటి నియమం మేమెప్పుడూ రాసుకోలేదు. 2022లో ఒక గురువారం జరిగినదాన్ని వాళ్లే పద్ధతిగా మార్చుకున్నారు.

ఆవిడకు మూడు వారాలు పట్టింది. బోనాల సెలవు అయ్యాక సిక్స్త్ ఏకు ఒక ఇంగ్లిష్ పాఠం తీసుకున్నారు, చూడటానికి తెలుగు మేడంనే పిలిచారు. ఏం రాశారో నాకు తెలియదు. ఆ నోట్‌బుక్ ఆవిడది.

అన్నీ కుదిరాయని కాదు. కొత్త మేడంకు రూబ్రిక్ కావాలి. టీచర్ ఎక్కడున్నారో, ఎక్కడికి వెళ్లాలో ఒక మెట్ల వరుస ఉండాలంటారు, అందులో సగం నిజముంది. కోచ్‌లు మాత్రం మెట్లు వస్తే అంకెలు వస్తాయి, అంకెలు వస్తే జీతాల దగ్గరికి పోతాయి అంటున్నారు. ప్రస్తుతానికి రూబ్రిక్ ఉంది, దాన్ని టీచర్ తనంతట తానే నింపుకుని తన నోట్‌బుక్‌లో అంటించుకోవాలి. ఈ ఏర్పాటు ఎన్నాళ్లుంటుందో చూడాలి. నేను ఇప్పుడు అక్కడికి నెలకు ఒకసారే వెళ్తున్నాను.

ఈ జూన్‌లో వెళ్లినప్పుడు ఆఫీసులో అకౌంటెంట్ కొత్త ఏడాది ఇండెంట్ రాస్తున్నాడు. చాక్‌పీస్ డబ్బాలు, డస్టర్లు, అటెండెన్స్ రిజిస్టర్లు. ఆ కింద 'లాంగ్ నోట్‌బుక్స్ – 34'. నన్ను చూసి తల ఎత్తాడు.

"సార్, ఇవి ట్రైనింగ్ ఖర్చుల రాయాల్నా, స్టేషనరీల రాయాల్నా?"

నేను ఆలోచించేలోపే పక్కనున్న వైస్ ప్రిన్సిపాల్ "స్టేషనరీలనే రాయవయ్యా, ఎప్పుడూ తెప్పిచ్చేటియే కదా" అన్నారు. అతను రాసేసుకుని తర్వాతి లైనుకు వెళ్లాడు. మార్కర్లు, రెండు డబ్బాలు.